పోలమ్మ అడిగిన రాత్రి

ఆ రాజుగారి బుద్ధిని దొరలు మెర్క్యూరియల్ అనేవాళ్లట. అంటే పాదరసంలాంటిదని, ఓ చోట నిలవదని.

పల్లకీ కుదిపాడని ఓ రోజు పొద్దున రాజు బోయీ గంగులు తల తీయించాడు. సాయంత్రానికి గంగులు పెళ్లాం పోలమ్మ గుమ్మంలో కూలబడి తనే ఏడ్చాడు.

"ఏం కావాలో అడుగు తల్లీ."

"మీరు కోపంలో ఏం చెప్పినా, ఒక రాత్రి ఆగాకే జరగాలి మారాజా."

రాజు ఒప్పుకుని ఊరంతా చాటింపేయించాడు. పోలమ్మకి కోటలో ఊడ్చే పనిచ్చాడు.

నెల తిరక్కుండానే, మీసం ఒకవైపు పొట్టిగా కత్తిరించాడని మంగలి తల తీయమన్నాడు. రేపటిదాకా ఆగాలన్నారు భటులు.

"అయితే ఆ చాటింపే రద్దు!" రాజు అరిచాడు.

పోలమ్మ చీపురు ఆపింది. "ఇదీ కోపంలో అన్నదే కదా మారాజా. ఇదీ రేపటిదాకా ఆగాలి."

తెల్లారేసరికి రాజు చల్లబడి, రెండోవైపు మీసం కూడా కత్తిరించమన్నాడు.

మంగలి పోలమ్మ కాళ్ల మీద పడ్డాడు.

"లే నాయనా," అంది. "మా ఆయనకీ ఒక్క రాత్రి దొరికుంటే ఇంట్లో ఉండేవాడు."