అంకయ్య కంప్యూటర్‌కు కొత్త వెర్షన్

కొండవాగు ఒడ్డున ఒక కొట్టంలో ఎద్దు అంకయ్య కాపురం. ఆయనకో పాత కంప్యూటర్ ఉండేది. ఎగువన ఉండే నీటికుక్క, వాగు పొంగే సూచన కనబడగానే దానికి కబురు పంపేది. కంప్యూటర్ గంట కొట్టేది. అంకయ్య బయటికొచ్చి రంకె వేసేవాడు. అది విని పల్లంలోని కుందేళ్లు పిల్లల్ని తీసుకుని గట్టెక్కేవి. ఏళ్లుగా ఇదే పద్ధతి, ఏనాడూ తప్పలేదు.

అడవిలో కంప్యూటర్లు బాగుచేసేది నక్క జిత్తయ్య ఒక్కడే. ఎండ్రకాయలే అతని కూలి. ఒకరోజు కొట్టంలోకి తొంగిచూశాడు.

"ఏం మామా, ఇంకా ఈ పాత సిస్టమ్‌తోనే నెట్టుకొస్తున్నావా? కొత్త వెర్షన్ వేస్తాను, గుర్రంలా పరిగెత్తుతుంది."

"ఉన్నది బాగానే ఉంది కదా అల్లుడూ."

"కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు. అడవంతా మారింది, నువ్వే మిగిలావు."

"మరి వాగు గంట మోగుతుందా?"

"ఇంతకన్నా గట్టిగా మోగుతుంది."

అంకయ్య మొహమాటానికి తలూపాడు. ఆ తలూపుడే కొంప ముంచింది. తెర నిండా రంగురంగుల గళ్లు వచ్చాయి. వాగు కబురు ఏ గడిలో ఉందో తెలియదు. ఒకటి నొక్కితే వేరొకటి తెరుచుకునేది. అడగబోతే జిత్తయ్య "అలవాటవుతుందిలే మామా" అని, వచ్చినప్పుడల్లా బుట్టెడు ఎండ్రకాయలు పట్టుకుపోయేవాడు.

ముసురు పట్టిన ఒక రాత్రి ఎగువ నుంచి కబురు బయల్దేరింది. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ "అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దు" అని చూపిస్తూ మొరాయించింది. గంట మోగలేదు. వాగు హోరు చెవిన పడ్డాక అంకయ్య ఉరికాడు. అప్పటికే పల్లంలో నీళ్లు సుడి తిరుగుతున్నాయి. నీళ్లలోకి దిగి కుందేలు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని ఒడ్డుకు చేర్చాడు. ప్రాణాలు దక్కాయి గానీ బొరియలూ, దాచుకున్న దుంపలూ కొట్టుకుపోయాయి.

తడిసిన పిల్లల్ని పొదువుకుని కుందేలు చెవులమ్మ అంది: "నీ రంకె ఉందనే కదన్నయ్యా, మేం కళ్లు మూసుకునేది."

తెల్లవారగానే అంకయ్య జిత్తయ్య గుహకు వెళ్లాడు. జిత్తయ్య లేడు. లోపల అతని కంప్యూటర్ వెలుగుతోంది. దాని మీద ఉన్నది అచ్చంగా ఆ పాత సిస్టమే. అంకయ్య కొమ్ములు జివ్వుమన్నాయి. గుహను కుమ్మి పారేద్దామనుకున్నాడు. కుమ్మితే గుహ కూలుతుంది గానీ బుద్ధి రాదని వెనక్కి తిరిగాడు.

జంతువులన్నిటినీ పోగుచేసి జిత్తయ్యను పిలిపించాడు.

"అల్లుడూ, కొత్త వెర్షన్ మంచిదేనా?"

"మంచిదా అని అడుగుతావేం మామా? దానికి సాటిలేదు."

"మరి రాత్రి గంట మోగలేదేం?"

"నీకు వాడటం చేతకాలేదు. నా చేతిలో ఉంటే చూపించేవాణ్ణి."

"పాతది వాడేవాళ్లో?"

"వాళ్లంత మూర్ఖులు ఇంకెవరు?" అన్నాడు జిత్తయ్య, అందరూ వినేలా.

"అయితే నా కంప్యూటర్ నువ్వు తీసుకో. నీ గుహలోని పాతది నాకివ్వు. ఆ మూర్ఖుణ్ణేదో నేనే అవుతాను."

జిత్తయ్య రెండడుగులు వెనక్కి జరిగాడు. "అది... అది నాకు చేతికి అలవాటైన మిషన్ మామా..."

"నాదీ నాకు అలవాటైందే. నా ఇంటికొచ్చి దాన్ని ఊడబెరికినప్పుడు ఆ మాట ఏమైంది? నువ్వు ముట్టనిదాన్ని మా నెత్తిన రుద్దుతావా? ఆ పిల్లలు మునిగిపోయుంటే ఎవరికి అలవాటయ్యేది?"

చెవులమ్మ ముందుకొచ్చి, "సాటిలేనిదని అన్నావుగా, తీసుకెళ్లు" అంది. జంతువులన్నీ ఆ మాటే అందుకున్నాయి. కాదంటే అబద్ధం బయటపడుతుంది, ఔనంటే మిషన్ పోతుంది. జిత్తయ్య తోక ముడిచి ఔనన్నాడు.

నీటికుక్క వచ్చి ఆ పాత మిషన్‌కు వాగు కబురు కలిపింది. మళ్లీ ముసురు పట్టినప్పుడు గంట మోగింది, అంకయ్య రంకె వేశాడు, కుందేళ్లు పొడి కాళ్లతో గట్టెక్కాయి. జిత్తయ్య మాత్రం గుహలో రంగుల గళ్ల ముందు కూర్చుని ఒక్కొక్కటే నొక్కుతున్నాడు. పిలిచేవాళ్లు లేరు, ఎండ్రకాయలు తెచ్చేవాళ్లూ లేరు.

నీతి: తాను ముట్టని కూరను అమృతమని వడ్డించేవాడి పంక్తిలో కూర్చోకూడదు.