పొన్ను లేని రోకలి

పరదేశయ్యగారిని ఎవరు ప్రశ్న అడిగినా ముందు "భోజనం చేశావా?" అనేవారు. చేయలేదంటే జవాబు వాయిదా. చెప్పినదానికి తాత్పర్యం అడిగినవాళ్లకు మాత్రం రెండు పూటలు తిన్నా జవాబు దొరికేది కాదు.

ఒక మధ్యాహ్నం జోగినాథం అనే శిష్యుడు భోజనం చేసే వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"స్వామీ, జపానికి కూర్చుంటే నా పక్కన ఎవరో వచ్చి కూర్చుంటున్నారు. ఊపిరి వినిపిస్తుంది, మనిషి కనిపించరు. ఈ మాట చెప్పినప్పటి నుంచి తోటివాళ్లు తమ చాపలు దూరంగా జరుపుకున్నారు. చాప కింద ఇనుప మేకు పెట్టుకున్నాను. ఇప్పుడది గుమ్మం దగ్గరే నిలబడుతోంది గానీ పోవడం లేదు. పూర్తిగా ఎలా వదిలించుకోను?"

పెరట్లో ఎవరో అటుకులు దంచుతున్నారు. గురువుగారు కాసేపు అటే చెవి పెట్టి విని, ఒక సంగతి చెప్పారు.

గున్నమ్మ అనే ఆమెకు చిన్నప్పటి నుంచీ ఇతరులకు కనపడనివి కనపడేవి. కనపడ్డాయని పైకి చెప్పడం ఆమె చేసిన పొరపాటు. ఊళ్లో ఒక్క ఆడది కూడా ఆమెతో రోకలి కలిపేది కాదు. ఆమె బతుకేమో అటుకుల మీదే. వేయించిన వడ్లు చల్లారకముందే, ఒక రోకలి లేస్తుంటే మరొకటి పడేలా, ఇద్దరు నిలబడి దంచాలి. ఒంటి రోకలితో దంచితే సగం నూకే. ఆ నూక చూసి నవ్వడానికి అందరికీ తీరిక ఉండేది. పగలల్లా మనిషి గొంతు వినపడక ఆమె రోలుతోనే మాట్లాడుకునేదట.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం తన పోటుకీ పోటుకీ నడుమ మరో పోటు వినిపించింది. గోడకు చేరగిలబెట్టిన పాత రోకలి, కొసకు తొడిగే ఇనుప కట్టు, పొన్ను, ఊడి పనికిరాకుండా పోయినది, రోట్లో పడి లేస్తోంది. దాన్ని పట్టుకుని ఒక ఆడమనిషి. ముఖం పక్కకు తిప్పుకుని ఉంది. అంత ఎండలోనూ వాకిట్లో నీడ ఒక్కటే పడింది. గున్నమ్మ అది చూసింది. అయినా ఆపలేదు, ఆపితే అటుకులు పాడవుతాయి.

ఆనాటి నుంచి అది రోజూ వచ్చేది. దంచినవాళ్లకు గుప్పెడు అటుకులు పెట్టడం వాడుక కనుక గున్నమ్మ ఆకులో పెట్టేది. మర్నాటికి అటుకులు అలాగే ఉండేవి. నోట్లో వేసుకుంటే రుచీ వాసనా ఉండేవి కావు. కోళ్లు కూడా ముట్టేవి కావు. అది తిన్నట్టేనని గున్నమ్మ పొంగిపోయేది. తన వాకిట్లో తిన్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

పొన్ను లేక ఆ రోకలి కొస చీలుతూ వచ్చింది. నేస్తం అవస్థ పడుతోందని గున్నమ్మ దాన్ని కమ్మరి దగ్గరకు మోసుకెళ్లి కొత్త ఇనుప పొన్ను తొడిగించింది. దయ్యాలకు ఇనుము గిట్టదని పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ వచ్చేది దయ్యమన్న సంగతి ఆమె ఎప్పుడో మరిచిపోయింది.

మర్నాడు అది వచ్చి రోకలి అందుకుంది. చర్మం కాలిన వాసన వచ్చింది. మొదటిసారి ముఖం ఇటు తిప్పింది. ఆ ముఖం ఎలా ఉందో గున్నమ్మ ఎవరికీ చెప్పలేదు. "ఏడుత్తంది" అని మాత్రం అంది. ఆ తర్వాత అది రాలేదు.

గున్నమ్మ ఆ పొన్ను ఊడబీకింది. తన రోకలిదీ ఊడబీకింది. కత్తిపీటతో సహా ఇంట్లోని ఇనుమంతా గోనెలో కట్టి ఏట్లో పడేసింది. ఊరంతా వింటుండగా వాకిట్లో నిలబడి, సొంత అక్కను పిలిచినట్టు పిలిచింది.

"అప్పా! తెలీక సేసీసినానే! నువ్వు రాకపోతే నానెవులితోటి దంచుతాను?"

పిలిచి, బోడి రోకలి ఎత్తి, ఒక్కతే దంచడం మొదలుపెట్టింది.

గురువుగారు అక్కడ ఆగిపోయారు.

"తర్వాత? అది వచ్చిందా స్వామీ?"

ఆయన పెరటివైపు చెయ్యి చూపించారు. పెరట్లో దంపుడు సాగుతూనే ఉంది. అక్కడ దంచే ముసలామెను ఆశ్రమంలో అందరూ అటుకుల మామ్మ అంటారు. మూడేళ్లుగా ఆమె చేతి అటుకులు తింటున్నా, నీ పేరేమిటని జోగినాథం ఎన్నడూ అడగలేదు. ఆమె పెరట్లోకి ఇనుప గరిటె కూడా రానివ్వదని తోటివాళ్లతో పాటు తనూ నవ్వాడు. ఆమెకు సాయం ఎవరూ ఉండరని అతనికి తెలుసు. ఇప్పుడు మాత్రం చెవి పెట్టి విన్నాడు. ఒక పోటుకీ ఇంకో పోటుకీ నడుమ, తప్పకుండా, మరొకటి పడుతోంది.

అతనికి గుమ్మం వైపు చూసే ధైర్యం చాలలేదు.

"మేకు తీసెయ్యి నాయనా," అన్నారు గురువుగారు. "చాప కాస్త వెడల్పుది వేసుకో."