దొడ్డిదారుల గుట్టు

వేరుశనగ చేల నడుమ ఒక ఎర్రమట్టి గట్టు. దాని ఎత్తు ఎంతంటే, వానమబ్బు కూడా అక్కడ కాసేపు కూర్చుని ఆయాసం తీర్చుకుని గానీ ముందుకు పోయేది కాదు. ఆ గట్టంతా బాగా కలిగిన పందికొక్కుల కాలనీ. ఒక్కో ఇంటి కొట్లో ఉన్న కాయ బయట పోస్తే పక్కన ఇంకో గట్టు లేచేది. ప్రతి ఇంటికీ ముందు వాకిలి నలుగురికీ చూపించుకోవడానికి, వెనక దొడ్డిదారి ప్రాణం మీదికొస్తే పారిపోవడానికి. ఆ దారిని పలుచటి మట్టితో మూసి, ఎక్కడుందో కట్టుకున్నదానికి కూడా చెప్పరు.

అలాంటి చోట కొట్లలో కాయ మాయమవసాగింది. ఎవరికి వారే "మా ఇంట్లో ఏమీ పోలేదండీ" అని వాకిట్లో నవ్వి, లోపలికెళ్లి ఏడ్చేవారు.

సంగతి జంబులయ్య అనే నక్క చెవిన పడింది. వినయమంతా ఒలకబోస్తూ వచ్చి గట్టు ముందు చతికిలబడ్డాడు.

"దొంగ వచ్చేది దొడ్డిదారినే బాబూ. అవెక్కడున్నాయో ఒక్కొక్కరే వచ్చి నా చెవిన వేయండి. పైసా పుచ్చుకోకుండా కాపలా కాస్తా."

ఆ మాటకి కాలనీలోని గాదెమ్మ అనే పందికొక్కుకు భయం పట్టుకుంది. ఆమె దొడ్డిదారి పక్కనే ఇంకా కళ్లు తెరవని పిల్లలున్నారు. ఎత్తుకుపోదామంటే, ఏ దారిన బయటపడ్డా చేలోకి దాటాల్సింది నక్క కళ్ల ముందే. ఈలోగా పక్కింటి బొర్రయ్య నక్క దగ్గర్నుంచి తిరిగొచ్చాడు.

"అన్నయ్యగారూ, మీ దొడ్డిదారి చెప్పేశారా ఏమిటి?"

"నాకేమైనా పిచ్చా చెల్లెమ్మా? మాది చెప్పలేదు."

"మరి అంతసేపు ఏం మాట్లాడారు?"

"మీది చెప్పాను. మీ మేలు కోరే."

గాదెమ్మ అతని దారికి అడ్డంగా నిలబడింది.

"మాది మీకెలా తెలుసు?"

గుమ్మడికాయల దొంగ అనకముందే బొర్రయ్య భుజాలు తడుముకున్నాడు. గట్టిగా నిలదీద్దామనుకుంది గాదెమ్మ. కానీ బొర్రయ్యగారి దొడ్డిదారి తుమ్మమొద్దు కింద ఉందని తనకెలా తెలుసో, మొన్న తిన్న కాయ ఎవరిదో గుర్తొచ్చి ఊరుకుంది. గట్టు గట్టంతా ఒకరి కొట్టు ఒకరు ఊడ్చుకుంటున్నారు. ఇక దొంగని పట్టేదెవరు?

పిల్లల్ని తలుచుకుని, గుండె చిక్కబట్టుకుని నక్క దగ్గరికెళ్లింది.

"అందరూ నిజమే చెప్పారా అయ్యా?"

"చెప్పిన ప్రతి చోటునీ ఇక్కడ్నుంచే వాసన పట్టి చూశా. పొల్లు పోలేదు. తన ఇంటి సంగతి ఎవరైనా అబద్ధమాడతారు తల్లీ, పొరుగింటి సంగతి మాత్రం నిజమే చెబుతారు."

"అయితే నేనూ పొరుగింటి మాటే చెబుతా. గట్టు చివర సూదయ్యగారని ఉన్నారు. ఎవరితోనూ కలవరు, పగలు బయటికే రారు. మా కాలనీ అంతా కలిసినా ఆయన నడుమంత ఉండం. అంత ఒళ్లు ఊరికే వస్తుందా? దొడ్డిదారి తంగేడు పొద వెనక. నేను చెప్పానని మాత్రం అనకండి."

ఆ ఆఖరి మాటతో నక్కకు పూర్తిగా నమ్మకం కుదిరింది. చిన్న కూనలు ఎక్కడికి పోతాయి, ముందు పెద్ద విందు కానిద్దామనుకుని తంగేడు పొదకేసి నడిచాడు. అతని తోక మలుపు తిరగ్గానే గాదెమ్మ పిల్లల్ని నోట కరుచుకుని చేలో పడింది.

పొద్దు వాలుతుండగా జంబులయ్య మట్టి తోసి మూతి లోపల పెట్టాడు. సూదయ్య ఏదుపంది. అప్పుడే నిద్ర లేచాడు. గడప తొక్కిన అతిథికి తన వీపు మర్యాదగా సమర్పించుకున్నాడు.

ఆ కేకకి ఏడూళ్ల అవతల తాటాకులు రాలాయి. చెరువుల్లో చేపలు తల పైకెత్తి ఏమైందని ఒకదాన్నొకటి అడిగాయి. మూతి నిండా ముళ్లతో పరుగెడుతున్న నక్కని చూసి దారిలో కాకి పలకరించింది.

"దొంగ దొరికాడా జంబులయ్యా?"

"వాళ్లింటి గొడవలు మనకెందుకులే" అన్నాడు నక్క, పళ్ల సందులోంచి.

ఇంటి గుట్టు లంకకు చేటైతే, పొరుగింటి గుట్టు విన్నవాడి మూతికి చేటు.