వెయ్యో ఊరు

పురంధర్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసులో అతను రాసిన ప్రోగ్రాం ఏదీ మొదటిసారే నడిచిన పాపాన పోలేదు. ఇంటర్నెట్లో అందరూ కలిసి ఉచితంగా రాసుకునే విజ్ఞాన సర్వస్వం కోసం రాసింది మాత్రం గుర్రంలా పరిగెత్తింది. పాత జనాభా లెక్కలు అందిస్తే చాలు, ఊరికో పేజీ తయారు. ఆర్నెల్లలో తొమ్మిదివందల తొంభై తొమ్మిది ఊళ్ళు. వెయ్యోది వేమగుంట. వెయ్యి నిండితే తోటి రచయితలు శాలువా కప్పుతామన్నారు. ఏ రంగు బాగుంటుందో కూడా అతనే చెప్పి ఉంచాడు.

అంతలో ఎవరో పేరు చెప్పని మనిషి వేమగుంట పేజీని చెరిపేశాడు. పురంధర్ మళ్ళీ పెట్టాడు. వాడు మళ్ళీ చెరిపాడు. అలా పదకొండుసార్లు.

పన్నెండోసారి పురంధర్ మస్తాన్‌వలి మాస్టారి ఇంటికి పరిగెత్తాడు. ఆ సర్వస్వంలో అతని చేత అక్షరాలు దిద్దించింది ఆయనే. అల్లరి చేసేవాళ్ళను బయట నిలబెట్టే అధికారమూ ఆయనకుంది.

“గురువుగారూ, వాణ్ణి నిరోధించండి. ఏ ఆధారమూ చూపకుండా నా ఊరు తీసేస్తున్నాడు.”

“నీ ఊరా?”

“అదే, నేను రాసిన ఊరు.”

“ఎప్పుడన్నా పోయావా?”

“వెయ్యి ఊళ్ళు గురువుగారూ! ఎక్కడని తిరిగేది?”

మాస్టారు చాయ్ గ్లాసు కింద పెట్టారు. “ఆదివారం ఆ ఒక్కదానికీ పోయొద్దాం నాయనా.”

రెండు బస్సులు మారి, ఆటో ఎక్కారు. రోడ్డు తిన్నగా పోయి నీళ్ళలోకి దిగిపోయింది. ఒడ్డున ఒకతను వల బాగుచేసుకుంటున్నాడు. పేరు ఓబులేసు.

“వేమగుంటకు పోవాలన్నా,” అన్నాడు పురంధర్.

ఓబులేసు అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. “ఎక్కండి.”

పడవ చాలాదూరం పోయి, నడినీళ్ళలో ఆగింది.

“దిగండి సామీ, వచ్చేసింది.”

పురంధర్ నవ్వాడు. మిగతా ఇద్దరూ నవ్వలేదు.

“డ్యాము కట్టి ఇరవై ఏండ్లాయ,” అన్నాడు ఓబులేసు.

మాస్టారు పడవ నడిపే గెడ తీసి పురంధర్ చేతిలో పెట్టారు. అతను దాన్ని నీళ్ళలోకి దించాడు. దిగింది, దిగింది, టక్కుమని ఆగింది.

“మెల్లగా సామీ! అది మా బడి మిద్దె.”

‘గ్రామంలో ఒక ప్రాథమిక పాఠశాల ఉంది.’ అతను పెట్టిన పేజీలో నాలుగో వాక్యం అది. పురంధర్ గెడను అంగుళం పైకెత్తి, అలాగే పట్టుకున్నాడు.

“ఎవడో ఫోన్లో మా ఊరికి దినానికి రెండు బస్సులని రాసినాడు సార్,” ఓబులేసు మాస్టారితో చెబుతున్నాడు. “నేను చెరిపేది, వాడు మళ్ళా పెట్టేది. ఏం మొండోడో ఏమో!”

మాస్టారు దూరంగా ఎగిరే కొంగల్ని శ్రద్ధగా చూడసాగారు.

పురంధర్ చెవులు ఎర్రబడ్డాయి. గెడను చప్పుడు కాకుండా పైకి తీసి, పడవలో అడ్డంగా పెట్టాడు.

“అన్నా, బడికి కిటికీలు ఎన్నుండేవి?”

“నాలుగు. ఒకటి మూసినా మూసుకునేది కాదు. దాని పక్కన కూర్చునేదానికి రోజూ కొట్లాటే మాకు.”

“ఎవరు గెలిచేవాళ్ళు?”

ఓబులేసు పడవ అంచున సర్దుకుని కూర్చున్నాడు.

మాస్టారు ఎండకు కండువా నెత్తిన కప్పుకున్నారు. “గొడుగు తెచ్చుకోవాల్సింది,” అన్నారు. “ఈ కబుర్లు అయ్యేసరికి పొద్దుపోయేట్టుంది.”