జక్కవ్వ నెమరు ముద్ద

గొర్రె ఒంటిమీద ఉన్ని ముందు పుట్టిందో, కాపరి భుజం మీద గొంగడి ముందు పుట్టిందో తేలని రోజుల్లో, ఎర్రగుట్టల కింద ఒక మంద ఉండేది. మందకు ఒక దొడ్డి, దొడ్డికి ఒక తడక, తడక పక్కన జక్కవ్వ అనే ముసలమ్మ. ఊఁ కొట్టేవాళ్లు కొట్టండి. కొట్టనివాళ్లు కనీసం గురక పెట్టకండి.

జక్కవ్వకు మొగుడు లేడు. పిల్లల్లేరు. మందలో ఇది నాది అని చూపించుకోవడానికి ఒక్క గొర్రె కూడా లేదు. తల్లి గొర్రెలు పొద్దున మేతకు పోతే, సాయంత్రం అవి తిరిగొచ్చేదాకా గొర్రెపిల్లల్ని కనిపెట్టుకుని ఉండటం ఆమె పని. అందరూ తిన్నాక మిగిలింది ఆమె భోజనం. మంద పెద్ద ఓదెలు మంచివాడే. చాలామంది మంచివాళ్ల లాగే, ముసలమ్మ తిన్నదో లేదో అడగడం మర్చిపోయేవాడు. ఆయన భార్య బీరవ్వ. బీరవ్వ నోరు తెరిస్తే మంద కుక్కలు తోక ముడిచేవి.

ఒక ఏడు ఓదెలు కొడుకు మల్కయ్యకు పెళ్లయింది. కోడలు సోమక్క. గొర్రెలోళ్ల పిల్లే గానీ, వాళ్ల తాత కాలంలోనే మంద పోయింది. నల్లరేగడిలో జొన్న పండించుకునే ఇంట్లో పెరిగింది.

ఆ మందలో ఒక ఆచారం ఉండేది. కొత్త కోడలికి మొదటి ఏడు పిల్లల దొడ్డి అప్పజెప్పేవారు. పిల్లలు నిగనిగలాడితే కోడలి చెయ్యి మంచిదనేవారు. పిల్లలు చస్తే చెయ్యి చెడ్డదని పుట్టింటికి పంపేవారు. గొర్రెపిల్ల కడుపుకూ ఆడదాని చేతికీ ఏం చుట్టరికమో నన్నడగకండి. ఆ ఆచారం పెట్టినవాణ్ణి అడగాలి. వాడు ఎప్పుడో చచ్చి బతికిపోయాడు.

సోమక్కకు మల్కయ్య నచ్చాడు. గుట్టలు నచ్చాయి. గొర్రెపిల్లలైతే మరీ నచ్చాయి. తడక తీయగానే అవి వచ్చి ఆమె కొంగు నమిలేవి. సోమక్క పుట్టింట్లో ప్రేమంటే పెట్టడం. వచ్చినవాడికి పెట్టు, అడిగినవాడికి పెట్టు, అడగనివాడికి ఇంకాస్త పెట్టు. అందుకని పుట్టింటి నుంచి తెచ్చుకున్న జొన్నల్లోంచి ఒక పిడికెడు తీసి తొట్లో పోసింది.

తడక పక్క నుంచి జక్కవ్వ అంది: "బిడ్డా, ముందు ఆకు. గింజ ఎనుక."

"పిడికెడే గదవ్వా!"

"నీకు పిడికెడు. దాని కడుపుకు బస్తెడు."

మర్నాడు సోమక్క దోసెడు పోసింది.

"బిడ్డా, ముందు ఆకు. గింజ ఎనుక."

"ఎంత ఇష్టంగ తింటున్నయో సూడవ్వా!"

"ఈగకు బెల్లం ఇష్టమే. అండ్లనే పడి సస్తది."

మూడోనాడు సోమక్క చాటెడు పోసింది. జక్కవ్వ నోరు తెరిచేలోపే బీరవ్వ వచ్చింది. పిల్లల్ని చూసి మురిసిపోయింది. "అబ్బ, ఎట్ల మెరుస్తున్నయే! ఈ ముసల్ది ఇన్నేండ్లు పరకలు మేపి పరకల్లెక్కనే పెంచింది. సూడు జక్కవ్వా, చెయ్యంటే ఇది!"

పొగడ్త నిండిన చెవిలో ఇంకో మాట పట్టదని జక్కవ్వకు తెలుసు.

తర్వాత ఒకనాడు గుట్టల మీద వాన దంచికొట్టింది. వాగు పొంగింది. ఓదెలు, మల్కయ్య, తల్లి గొర్రెలు అన్నీ అవతలి ఒడ్డున ఆగిపోయాయి. ఇవతల దొడ్డిలో పిల్లలు పాల కోసం ఏడ్చాయి. ఒకటి ఆపితే ఇంకొకటి అందుకుంది. సోమక్క చెవులు మూసుకుంది. మూసుకున్నా వినబడింది.

"ఎండుగడ్డి వెయ్యి. నీళ్లు పెట్టు," అంది జక్కవ్వ. "ఏడ్పుతోని ఏ పిల్లా సావది."

సోమక్క వినలేదు. జొన్న సంచి మూతి విప్పి తొట్టి నిండా కుమ్మరించింది. పిల్లలు ఏడుపు మానేసి తిన్నాయి. వాటిని చూసి సోమక్క కూడా ఏడుపు మానేసి పడుకుంది.

తెల్లారి తడక తీస్తే కొంగు నమలడానికి ఒక్కటీ రాలేదు. చెవులు వేలాడేసుకుని నిలబడ్డాయి. ఎడమ డొక్కలు ఉబ్బి బిగిసిపోయాయి. పళ్లు కొరుకుతున్నాయి, ఒక్కటీ నెమరు వేయడం లేదు. విరేచనాలు నీళ్ల లాగా పారుతున్నాయి. మూల ఒక పిల్ల కాళ్లు చాపి పడి ఉంది. సోమక్క దాన్ని ఒళ్లోకి తీసుకుంది. అది చల్లగా ఉంది.

వాగు తగ్గింది. మంద ఇల్లు చేరింది. దొడ్డి చుట్టూ అందరూ చేరారు.

ఓదెలు దేవుడికి మొక్కి, పిల్లల మెడలకు పసుపు దారాలు కట్టాడు. పిల్లలు నెమరు వేయలేదు.

మల్కయ్య కొడవలి కాల్చి ఒక పిల్ల పొట్టమీద వాత పెట్టాడు. అది అరిచి పడిపోయింది. మిగిలినవి నెమరు వేయలేదు.

బీరవ్వ "బలం లేక గట్లయింది" అని జొన్నగంజి కాచి పట్టించింది. గంజి తాగిన పిల్ల గంజి నోట్లో ఉండగానే పోయింది. మిగిలినవి నెమరు వేయలేదు.

అప్పుడు బీరవ్వ కోడలి వైపు తిరిగింది. మొన్న మెచ్చుకున్నదీ ఆ నోరే. "పొద్దుగూకే లోపల ఇంకొక్క పిల్ల పడితే నీ మూట కట్టుకో. మీ అవ్వగారింట్ల జొన్నలు మస్తుగున్నయి గద, పొయ్యి తిను!"

సోమక్క మొగుడి వైపు చూసింది. మల్కయ్య నేల వైపు చూశాడు. నేల ఏం చెబుతుంది?

జక్కవ్వ తడక తీసి లోపలికి వచ్చింది. ఒక పిల్ల నోరు తెరిచి వాసన చూసింది.

"పులిసింది," అంది.

"ఏం పులిసిందవ్వా?"

"దాని కడుపు. బిడ్డా, గొర్రె తను ఒక్కతే తినదు. దాని కడుపులో ఇంకో మంద ఉంటది. కంటికి ఆనని మంద. గొర్రె మేసిన గడ్డి ఆ మంద తింటది. ఆ మంద వండి పెట్టింది గొర్రె తింటది. పిల్ల పుట్టినప్పుడు ఆ దొడ్డి ఖాళీ. తల్లి నాకుడుతోని కొంత, తల్లి పక్కన పరక కొరుకుడుతోని కొంత, మెల్లగ నిండుతది. నువ్వేమో గడ్డి తినేటి మందకు ఒక్కసారే గింజ పోసినవు. అది సచ్చింది. గింజకు ఎగబడే మంద ఇంకోటుంటది, అది రేగి కడుపంత పులియబెట్టింది."

సోమక్క చచ్చిన పిల్ల వైపు చూసింది. "నేనే సంపిన్నా అవ్వా?"

"ఆకలైతదని పెట్టినవు. అది తప్పు గాదు. నన్ను ఇనలేదు. అది తప్పు. ఇప్పుడు ఏడ్వకు, పని ఉన్నది. సచ్చిన మందకు మంద తేవాలె."

"ఏడికెళ్లి?"

జక్కవ్వ మందలోకి వేలు చూపింది. ఒక ముసలి గొర్రె పడుకుని కళ్లు సగం మూసి తీరిగ్గా నెమరు వేస్తోంది. "దాని నోట్లకెళ్లి."

పొయ్యి బూడిద కలిపి తేర్చిన నీళ్లు ముందు పిల్లలకు గుక్కెడేసి పట్టించింది, పులుపు విరగడానికి. తర్వాత సోమక్కను ఆ ముసలి గొర్రె దగ్గర కూర్చోబెట్టింది. "నా చేతులు వణుకుతున్నయి. నువ్వే తియ్యాలె. మెడల సూడు, ఉండ పైకి పాకుతది. నోట్లకు వచ్చినంక పక్కన పండ్లు లేని సందు ఉంటది, అండ్లకెళ్లి వేలు పెట్టు. ఆలస్యమైతే ఎనుక పండ్లు వేలు నూరుతయి."

మొదటిసారి గొర్రె మింగేసింది. రెండోసారి వేలు కొరికింది, నెత్తురు వచ్చింది. మూడోసారి సోమక్క అరచేతిలో పచ్చటి వెచ్చటి ముద్ద పడింది.

బీరవ్వ కెవ్వుమంది. "ఛీ! గొర్రె ఎంగిలి! ఎంగిలి ముట్టిన చెయ్యి నా కుండ ముట్టొద్దు! పిల్లలు బతికినా సచ్చినా ఇది నా ఇంట్లకు రావొద్దు!"

అన్నేళ్లలో జక్కవ్వ బీరవ్వకు ఎదురు చెప్పింది లేదు. ఆ రోజు చెప్పింది.

"బీరవ్వా, నీ మల్కయ్యకు పండ్లు రాకముందు రొట్టె ఎట్ల తిన్నడు?"

బీరవ్వ కొడుకు వైపు చూసింది.

"నేను సూసిన. వాని ఒక్క ఏడ్పుకు నువ్వు తినే రొట్టె ఆపేదానివి. నమిలి, మెత్తగ జేసి, నీ నోట్లకెళ్లి తీసి వాని నోట్ల పెట్టినవు. ఎంగిలి దిన్నోడు గిట్ల గుంజలెక్క పెరిగిండు గద? తల్లి ఎంగిలి తినకుండ ఎవరు పెరిగిన్రు?"

మల్కయ్య ఈసారి నేలను కాక తల్లిని చూశాడు. బీరవ్వ కొంగు నడుముకు దోపింది. ముసలి గొర్రె పక్కన కూలబడి, దాని తల తన ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. "తియ్యవే," అంది కోడలితో. "ఆ వేలికి గుడ్డ చుట్టుకుని తియ్యి."

అత్త పట్టింది, కోడలు తీసింది, ముసలమ్మ గోరువెచ్చని నీళ్లలో పిసికి వడగట్టి పిల్లల నోళ్లలో పోసింది. ఆ రోజంతా అదే పని. తొట్లో గింజ లేదు, ఎండుగడ్డి పరకలే.

పొద్దు వాలింది. ఒక పిల్ల గట్టిగా తేన్చింది. దాని డొక్క ఉబ్బు కాస్త దిగింది. సోమక్క ఊపిరి బిగబట్టి చూసింది. మెడ కింద నుంచి చిన్న ఉండ ఒకటి పైకి పాకింది. పిల్ల దవడ ఒక పక్కకు కదిలింది. ఇంకో పక్కకు కదిలింది. నమిలింది.

"నెమరేసిందే!" అని అరిచింది బీరవ్వ. అరిచి ఏడ్చింది. ఆమె ఏడవడం కుక్కలు కూడా అంతకుముందు చూడలేదు.

పొద్దుగూకింది. ఒక్క పిల్లా పడలేదు. సోమక్క మూట కట్టలేదు. ఆ పూట బీరవ్వ అందరికంటే ముందు జక్కవ్వకు వడ్డించింది. ముసలమ్మ సిగ్గుపడి కొంచెమే తిన్నది.

ఆమె ఇంకో రెండు మూడేళ్లు బతికింది. పోయినప్పుడు కర్మ చేయడానికి కొడుకు లేడని ఎవరో గొణిగారు. బీరవ్వ వాళ్ల వైపు ఒక చూపు చూసింది, గొణుగుడు ఆగిపోయింది. ఓదెలు పాడె మోశాడు. సోమక్క తలకొరివి పెట్టింది.

ఇప్పటికీ ఎర్రగుట్టల కింద పిల్లల దొడ్డిలో కొత్త కోడల్ని ఒంటరిగా కూర్చోబెట్టరు. పక్కన ఒక ముసలమ్మ ఉండి తీరాలి, ఆమె మాట వినాలి. ఏ పిల్లయినా నెమరు మానితే మందలో పెద్ద గొర్రె నోట్లోంచి ముద్ద తీసి పెడతారు. దాన్ని మందు అనరు, ఎంగిలి అనరు. జక్కవ్వ ముద్ద అంటారు.

పిల్లలకు మొదటిసారి గింజ పెట్టేనాడు, ఆడవాళ్లు చిటికెడు జొన్నలు వేళ్ల మధ్య పట్టుకుని, ఎవరూ లేని తడక పక్కకు చూపిస్తారు. "ఇంత సాలునా అవ్వా?" అని అడుగుతారు. అడిగి కాసేపు ఆగుతారు. ఎవరి చేతిలోనన్నా ప్రేమ ఎక్కువై చిటికెడు కాస్తా పిడికెడయిందో, వెనక నుంచి ఎవరో ఒకరు అరుస్తారు: "అవ్వ సూస్తున్నది!"

సగం గింజలు సంచిలోకి తిరిగి పోతాయి.