మందరులవారి బడికి గుర్తింపు

ఒకానొక రాజ్యంలో బళ్లకు కొదవ లేదు, రాజుగారి గొప్పలకు అంతకన్నా లేదు. ఆయన పేరు ఉత్తుంగవర్మ. రాజధానిలో పెద్ద విద్యాపీఠం కట్టించి, దాని గుర్తింపు ఉన్న బళ్లే నడవాలనీ, ఆ గుర్తింపు ముద్ర తానే స్వయంగా వేస్తాననీ చాటింపు వేయించాడు.

ముద్ర కావాలంటే పట్టుగుడ్డ మీద అర్జీ రాయాలి. అందులో రాజుగారి మీద ఎనిమిది పద్యాలుండాలి. ఆ పద్యాలు చదువుకుని మురిసిపోయి, కింద ఏముందో చూడకుండానే ముద్ర గుద్దేసేవాడు మహానుభావుడు.

ఊరి చివర పేరిందేవి అనే కంటివైద్యురాలు పదిమందికి వైద్యం నేర్పేది. ఆమెకు పద్యాలు రావు. తాటాకు మీద ఉన్నమాట రాసి పంపితే అర్జీ తిరిగొచ్చింది. పౌర్ణమికల్లా బడి మూసేయమన్నారు. ఆమె ఏడుస్తూ రాజుగారి కొలువులో మాటకారిగా పేరుపడ్డ బొప్పన దగ్గరకు వెళ్లింది.

"సగం చదువుతో నా శిష్యులను పంపేస్తే ఎవరి కళ్లు పోతాయో నాయనా" అంది.

"పౌర్ణమిదాకా ఆగమ్మా" అన్నాడు బొప్పన.

మర్నాడే రాజుగారికి ఒక పట్టు అర్జీ అందింది. ఎనిమిది చాలవని పన్నెండు పద్యాలున్నాయి. వాటి కింద ఇలా ఉంది: "మా ప్రధానాచార్యులు మందరులవారు. విద్యార్థులు పదకొండుమంది, అందరూ అడవి నుంచి వచ్చినవారే. వారికి నడక, వినయం ఆయనే దగ్గరుండి నేర్పుతారు." రాజు ముద్ర గుద్దేశాడు.

పౌర్ణమినాడు సభ నిండుగా ఉంది. పేరిందేవి ఒక మూల నిలబడింది.

"ప్రభూ, తమ గుర్తింపు పొందిన మందరాచార్యులవారు దండం పెట్టుకోవడానికి వచ్చారు. గుమ్మంలో పట్టక వాకిట్లోనే ఆగిపోయారు" అన్నాడు బొప్పన.

"అంత గొప్ప పండితుడా?" అంటూ రాజు ఉబ్బిపోయి గబగబా బయటికి నడిచాడు. సభంతా వెనకే పరుగెత్తింది.

వాకిట్లో పట్టపుటేనుగు, మెడలో గుర్తింపు పత్రం వేలాడుతుండగా, తొండమెత్తి దండం పెట్టింది.

"ఏమిటీ వెటకారం?" రాజు మీసం అదిరింది.

"అర్జీలో అబద్ధం ఒక్కటీ లేదు ప్రభూ. పట్టి తెచ్చిన అడవి ఏనుగులకు పాఠం చెప్పేది వీరే. ఏలినవారు రోజూ ఎక్కి తిరిగే మందరుణ్ణే గుర్తుపట్టకుండా గుర్తింపు ఇచ్చారు. ఈ తల్లి బడినేమో చూడకుండానే కాదన్నారు."

రాజు ఏనుగు వంక చూశాడు, పత్రం మీద తన ముద్ర వంక చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

మూసివేత ఆజ్ఞ అక్కడే చింపేసి, పేరిందేవితో అన్నాడు: "ఇకమీదట బడికి వెళ్లి ఒక పూట పాఠం వింటేగాని ముద్ర వేయను. మొదట నీ బడికే వస్తానమ్మా."

ఆమెకు సంతోషంతో కళ్లనీళ్లు ఆగలేదు.

రాజు తన జరీ శాలువా తీసి బొప్పనకు కప్పబోతూ ఆగి, అతని ముఖంలోకి తేరిపార చూశాడు.

"బొప్పనవే కదా? గుర్తుపట్టాకే ఇస్తున్నాను."