గోడ వారన వేసిన ఆకు

వరూధిని తన అక్క చావుకు వెళ్ళలేదు. అంతకు ముందు అక్క మంచాన పడి ఉన్నప్పుడూ వెళ్ళలేదు. తల్లి పోయిన రోజు నలుగురిలో అక్క ఒక మాట అంది: "వచ్చావా, చుట్టపుచూపుగా?" ఆ మాట దగ్గరే ఇద్దరికీ మాటలు ఆగిపోయి తొమ్మిదేళ్ళయింది. జబ్బు ముదిరాక అక్క కూతురు మంజరి ఫోన్ చేసింది. "పిన్నీ, అమ్మ నిన్ను చూడాలంటోంది." వరూధిని "దేవుడు రాసిపెట్టి ఉంటే వస్తాను" అంది. మళ్ళీ ఫోన్ వచ్చింది, మళ్ళీ అదే జవాబు. అక్క పోయింది.

దినకార్యాలు అయ్యాక మంజరి ఫోన్లో ఏడవకుండా ఒక సంగతి చెప్పింది. మంచం పక్కన అమ్మ ఒక కుర్చీ వేయించుకుందట. ఎవరైనా తియ్యబోతే, "అది రాదని నాకూ తెలుసు. కుర్చీ మాత్రం ఉండనివ్వండి" అనేదట. "మాసికాలకైనా రా పిన్నీ. నాన్న ముఖం తిప్పుకుంటే పట్టించుకోకు" అంది మంజరి. ఆలోచించి చెబుతానని వరూధిని ఫోన్ పెట్టేసింది.

ఆలోచించడానికి లంకకు వచ్చింది. గోదావరి పాయల నడుమ ఉన్న ఆ లంకలో అయ్యవారి ఆశ్రమమంటే ఒక పెంకుటిల్లు, పొడుగాటి వసారా, చుట్టూ అరటి తోట. ఏటా వేసవిలో రావడం ఆమెకు అలవాటు. ఈసారి శ్రావణంలో వచ్చింది. వచ్చిన సాయంత్రమే అడిగింది.

"దేవుడికి అన్నీ ముందే తెలుసంటారు. అన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయంటారు. నేను వెళ్ళనని ఆయనకు ఎప్పుడో తెలుసు. మార్చగలిగి కూడా మార్చలేదు. అలాంటప్పుడు వెళ్ళనిది నేనా, ఆయనా?"

శాస్త్రచర్చలాగే అడిగింది. కానీ అయ్యవారు "ఆయనే" అంటే ఆమెకు నిద్ర పడుతుంది, "నువ్వే" అంటే ఆ ఖాళీ కుర్చీ ఇక ఆమెది. అయ్యవారు అడిగిన రోజే జవాబు చెప్పే మనిషి కాదు. "వడ్డనకు మనిషి లేరమ్మా. రేపటినుంచి నువ్వు చూడు" అన్నారు.

మర్నాడు వసారాలో ఆకులు వేస్తుంటే, ఉన్న మనుషులకన్నా ఒక ఆకు ఎక్కువ వెయ్యాలని వంట చేసే అచ్చమ్మ చెప్పింది. అయ్యవారికి కుడివైపున, గోడ వారన. ఏటా ఆ ఆకును చూస్తూనే ఉన్నా, అది దేవుడికనుకుని వరూధిని ఎప్పుడూ అడగలేదు. ఆ ఆకులోనూ అందరితో పాటు ఉప్పు, పప్పు, కూర, నెయ్యి అన్నీ వడ్డించాలి. అప్పుడు అయ్యవారు ఔపోశనకు అరచేతిలో నీళ్ళు పట్టి, ఒక్కసారి రేవు దారి వైపు చూసి, తాగుతారు. ఆ తరవాత భోజనం అయ్యేదాకా మౌనం. గోడ వారన అన్నం ఎవరూ తినరు. చల్లారిపోయాక కాకులకు వేస్తారు.

"అది పురుషోత్తం ఆకు" అంది అచ్చమ్మ. "మీరు ఇక్కడికి రావడం మొదలెట్టకముందు సంగతి. అయ్యవారి దగ్గర పెరిగినవాడే. ఏదో మాటకు కోపం వచ్చి సగం అన్నంలో లేచిపోయాడు. ఔపోశన పట్టిన మనిషి ఆకు ముందునుంచి లేస్తాడా, చెప్పండి! ఇప్పుడు అవతలి రేవులో టీ కొట్టు. పడవెక్కితే ఎంతసేపు? రాడు. ఈయన ఆకు మానరు. మధ్యలో కాకులు నెయ్యి తిని బలిసిపోయాయి. వాటికి పురుషోత్తం పేరు మీద పెన్షనొస్తోంది వరూధినమ్మా."

వరూధినికి ఇది నచ్చలేదు. అన్నం పారేసే ఇంట్లో ఆమె పెరగలేదు. ఆ మధ్యాహ్నం అయ్యవారినే అడిగింది.

"అతను వచ్చి తింటాడని మీకు ఆశా?"

"తినడు. నాకు తెలుసు."

"అయితే మనిషిని పంపించండి. మీరొక్క మాటంటే పడవ నడిపే గంగులు అతన్ని కూలేసి తీసుకొస్తాడు."

"తెస్తాడు" అన్నారు అయ్యవారు. "ముద్ద ఎవరు మింగాలి?"

ఆమె రోజూ ఆకు వేసింది, రోజూ తీసింది. ఆ గోడ వారన ఆవిరి కక్కుతున్న అన్నాన్ని, దాని పక్కన ఒక్కడే కూర్చున్న ముసలాయన్నీ చూస్తుంటే ఆమెకు ఏదో ఇబ్బందిగా ఉండేది. అటు చూడకుండా వడ్డించడం నేర్చుకుంది.

తరవాత వాన పట్టుకుంది. పాయలోకి ఎర్రనీళ్ళు వచ్చాయి. పడవలు తగ్గిపోయాయి, బియ్యం డబ్బాలో అడుగు కనిపించింది. వరద తీసేదాకా ఉన్నదే సర్దుకోవాలి. ఆ పూట ఆకులు కోసి తెచ్చి, వరూధిని వసారాలో నిలబడి స్పష్టంగా అడిగింది.

"అయ్యవారూ, ఈ పూట పురుషోత్తం గారు ఇక్కడ అన్నం తింటారా?"

"తినడు."

సరే అనుకుంది. గోడ వారన ఆకు వెయ్యలేదు. అయ్యవారు వచ్చి కూర్చుని, తుడిచి ఉన్న ఆ చోటు వైపు చూశారు. నీళ్ళు పట్టి, రేవు దారి వైపు చూసి, తాగారు.

రెండు ముద్దలు తిన్నారో లేదో, నెత్తిన గోనెసంచి కప్పుకుని ఒక మనిషి మెట్ల దగ్గరికి వచ్చాడు. మోకాళ్ళదాకా బురద. "ఎగువన గట్టు తెగిందట. సామాన్లు అటకెక్కించుకోండి. రాత్రికి నీళ్ళు ఇక్కడిదాకా రావచ్చు" అన్నాడు. అచ్చమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోవడం చూసి, అతనెవరో వరూధినికి అర్థమైంది.

అతను చెప్పాల్సింది చెప్పాక కూడా కదల్లేదు. వరుసంతా చూశాడు. అయ్యవారిని చూశాడు. అయ్యవారు అతన్నే చూస్తున్నారు, నోరు మెదపలేదు. మౌనం ఆయన నియమం, అది అతనికీ తెలుసు. అతని చూపు గోడ వారకు వెళ్ళి, ఆ ఖాళీ నేల మీద ఆగింది.

"ఆకు రోజూ వేస్తారని గంగులు చెప్పేవాడు" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. "కోతలనుకునేవాణ్ణి. కోతలే."

వెనక్కి తిరిగాడు. వరూధిని చేతిలో ఆకుతో వానలోకి పరిగెత్తింది. "ఉండండి! రోజూ వేస్తాం! ఈ పూట నేనే వెయ్యలేదు!" రేవు చేరేసరికి గంగులు గడ వేసేశాడు. వాన చప్పుడుకు పడవలో మనిషికి వినిపించలేదో, వినిపించినా తల తిప్పలేదో.

అందరూ చేతులు కడుక్కునేదాకా ఆమె ఆగింది. తడిసిన చీరతోనే అయ్యవారి ముందు నిలబడింది. కోపంగానే ఉంది.

"తినడని మీరే చెప్పారు. మీరు చెప్పినట్టే జరిగింది."

"అవును. నాకు తెలిసింది ఈ రోజూ తప్పలేదు."

"మరి నాదేముంది ఇందులో?"

అయ్యవారు గోడ వారన నేల వైపు చూసి, నెమ్మదిగా అన్నారు. "ఇన్నాళ్ళూ తిననిది వాడమ్మా. ఈ పూట..."

ఆమె మిగతా మాట కోసం చూసింది. ఆయన సామాన్లు అటకెక్కించడానికి లేచారు.

నీళ్ళు వసారా మెట్లదాకా వచ్చి తగ్గాయి. మొదటి పడవ తిరిగిన రోజు వరూధిని సంచి సర్దుకుంది. అక్క మొదటి మాసికం మర్నాడే. అయ్యవారికి నమస్కారం చేసి, గుమ్మం దాటబోయి ఆగింది.

"ఇక్కణ్ణుంచి నేను మంజరి దగ్గరికి వెళ్తానో, మా ఇంటికి వెళ్ళిపోతానో మీకు తెలుసా?"

"తెలుసు."

"చెప్పండి."

"చెబుతూ కూర్చుంటే పడవ వెళ్ళిపోతుందమ్మా" అన్నారాయన.

ఆమె ఆ పడవలోనే దాటింది. అవతలి రేవులో దిగి, ఆ రోజు ఆకు వెయ్యనిది తనేనని పురుషోత్తానికి చెప్పింది. అతను గ్లాసులు కడుగుతూ విన్నాడు. తరవాత అతనేం చేశాడన్నది అతని సంగతి. వరూధిని ఆ ఏడాది ఒక్క మాసికం తప్పలేదు. ఆమెను చూస్తూనే బావ లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. ఆమె లోపలికి వెళ్ళి అక్క వేయించిన ఆ కుర్చీలో కూర్చునేది.